నొప్పి రాకముందే నొప్పికి వైద్యం

శ్రీకూర్మం ఆలయ ప్రాంగణంలోని నక్షత్ర తాబేళ్లను చూసినవారికి ఈ సంగతి తెలుసు. చేయి దగ్గరికి రాగానే, ఇంకా తాకకముందే, అవి తలను, కాళ్లను డిప్పలోకి ముడుచుకుంటాయి. దెబ్బ తగలకముందే జాగ్రత్తపడాలన్న ఈ పాఠాన్ని శస్త్రచికిత్స నొప్పికి అన్వయించడానికి వైద్యశాస్త్రానికి చాలాకాలం పట్టింది.

1846 అక్టోబరు 16న బోస్టన్ నగరంలో మోర్టన్ ఈథరు మత్తును బహిరంగంగా ప్రదర్శించాడు. మరుసటి సంవత్సరం ఎడిన్‌బరోలో సింప్సన్ క్లోరోఫాంను ప్రవేశపెట్టాడు. క్లోరోఫాం వల్ల సంభవించే మరణాలకు కారణమేమిటో తేల్చడానికి మన హైదరాబాదులోనే 1888లోను, 1889లోను రెండు కమిషన్లు పనిచేశాయి. వాటికి సూత్రధారి రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ. ప్రపంచంలోని తొలి మహిళా మత్తువైద్యులలో ఒకరైన రూపాబాయి ఫర్దూన్జీ ఆ నగరంలోనే సేవలందించారు. అయితే ఆనాటి వాదమంతా ప్రాణం నిలపడం గురించే. రోగి మేల్కొన్నాక అనుభవించే బాధ ఎవరికీ ప్రధాన ప్రశ్న కాలేదు.

రోగి నిద్రపోయినా అతని నాడులు నిద్రపోవని మొదట గట్టిగా చెప్పినవాడు అమెరికన్ సర్జన్ జార్జ్ క్రైల్. కోతకు ముందే మార్ఫిన్ ఇచ్చి, కోసే చోట స్థానికంగా మొద్దుబార్చే మందును కూడా ఎక్కించాలని 1910 దశకంలో ఆయన వాదించాడు. దానికి శాస్త్రీయమైన ఆధారం చాలా ఆలస్యంగా వచ్చింది. గాయం నుండి వచ్చే సంకేతాల తాకిడికి వెన్నుపాములోని నాడీకణాలు అతిగా స్పందించే స్థితికి చేరుకుంటాయని 1983లో క్లిఫర్డ్ వూల్ఫ్ జంతుప్రయోగాలలో చూపాడు. అలా రెచ్చిన నాడులకు చిన్న స్పర్శ కూడా పెద్ద నొప్పే. అందువల్ల నొప్పిని ముందే నివారించాలని 1988లో ప్యాట్రిక్ వాల్ ప్రతిపాదించాడు.

తరువాతి పరిశోధనలు ఈ ఆశను కొంత సవరించాయి. కోతకు ముందు ఒక్క మోతాదు ఇచ్చినంత మాత్రాన ప్రతిసారీ గొప్ప ప్రయోజనం కనబడలేదు. గాయం మానేదాకా సంకేతాలు వస్తూనే ఉంటాయి కదా! కనుక నేటి పద్ధతిలో ఆపరేషనుకు ముందు, జరుగుతున్నప్పుడు, ఆ తరువాత కూడా పారాసిటమాల్, నాడిని మొద్దుబార్చే ఇంజెక్షను వంటి వేర్వేరు మందులను రోగికి తగినట్లు కలిపి ఇస్తారు. దీనివల్ల మార్ఫిన్ వంటి బలమైన మందుల అవసరం తగ్గుతుంది. రోగి త్వరగా లేచి నడవగలుగుతాడు, హాయిగా దగ్గగలుగుతాడు.

నా ఉద్యోగపు తొలినాళ్లలో కేసు షీటుపై “నొప్పి ఉంటే ఇంజెక్షను” అని రాసి ఇంటికి వెళ్లేవాడిని. రోగి మూలిగి, బతిమాలితేగాని అర్ధరాత్రి ఆ సూది పడేది కాదు. ఓర్చుకోవడం రోగి ధర్మమని మేమంతా అనుకున్నాము. అది పొరపాటు.

ఆపరేషను నిశ్చయమైనప్పుడు “నా నొప్పికి ముందుగా ఏ ఏర్పాటు చేస్తున్నారు?” అని వైద్యుణ్ణి అడగండి. కడుపుపుండు, ఉబ్బసం, అలర్జీ, రక్తం పలుచబరచే మందుల వాడకం ఉంటే తెలియజేయండి. కిడ్నీ జబ్బు ఉంటే మరీ ముఖ్యంగా చెప్పాలి. ఉద్దానం బాధ ఎరిగిన మన జిల్లావాసులకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. నొప్పి మాత్రలను మాత్రం సొంతంగా ముందే మింగి వెళ్లకండి.