వలస కుటుంబాల ఆటిజం పిల్లలకు వైద్య సదుపాయాలు (అమెరికా)

అమెరికా సంయుక్త రాష్ట్రాలకు ఇతర దేశాల నుండి వలస వచ్చిన కుటుంబాలలో ఆటిజం ఉన్న పిల్లలకు పరీక్ష, నిర్ధారణ, చికిత్స అందడంలో అనేక అవరోధాలు ఉన్నాయి. ఈ దేశంలో పిల్లవాడికి బడిలో లభించే సహాయం వీసాతో ముడిపడి లేదు. వైద్య బీమా మాత్రం చాలావరకు తల్లిదండ్రుల వీసాతోను, ఉద్యోగంతోను ముడిపడి ఉన్నది. ఈ తేడా తెలియని కుటుంబం చికిత్సకు అత్యంత విలువైన తొలి సంవత్సరాలను పోగొట్టుకుంటుంది.

గుర్తింపు

ఆటిజం నాడీవ్యవస్థ వికాసానికి సంబంధించిన స్థితి. పేరు పెట్టి పిలిచినా పలకకపోవడం, కావలసిన వస్తువును వేలితో చూపకపోవడం, మాటలు ఆలస్యం కావడం దీని తొలి లక్షణాలలో కొన్ని. ఇది రక్తపరీక్షతో తేలేది కాదు. ప్రవర్తనను పరిశీలించి, తల్లిదండ్రులు చెప్పే వివరాలు విని నిర్ధారణ చేస్తారు. కనుక వైద్యునికి, తల్లికి నడుమ భాష కుదరకపోతే నిర్ధారణే ఆలస్యమవుతుంది.

పిల్లలందరికీ 18, 24 నెలల వయసులో ఆటిజం పరీక్ష జరపాలని అమెరికా శిశువైద్యుల సంఘం 2007లో సిఫారసు చేసింది. అయితే 2022 నాటి ప్రభుత్వ గణాంకాల ప్రకారం, నిర్ధారణ జరిగిన పిల్లలలో సగం మందికి అది 47 నెలల తరువాతనే జరిగింది. అదే గణనలో 8 సంవత్సరాల పిల్లలలో ప్రతి 31 మందిలో ఒకరికి ఆటిజం ఉన్నట్లు తేలింది.

"మగపిల్లలకు మాటలు ఆలస్యంగానే వస్తాయి" అని ఇంటి పెద్దలు సర్దిచెప్పడం, రెండు భాషల వలన మాట రావడం లేదని ఇతరులు భావించడం ఆలస్యానికి మరికొన్ని కారణాలు. రెండు భాషలు వినడం వలన ఆటిజం పిల్లల భాషకు హాని కలుగుతుందని పరిశోధనలలో తేలలేదు. ఇంట్లో మాతృభాష మానుకోనవసరం లేదు.

బడి ద్వారా లభించే హక్కులు

వికలాంగ బాలల విద్యాచట్టం 1975లో వచ్చింది. 1990లో ఆటిజాన్ని అందులో ప్రత్యేకంగా చేర్చారు. దీని ప్రకారం 3 సంవత్సరాలు నిండిన పిల్లలకు ప్రభుత్వ పాఠశాలలు ఉచితంగా పరీక్షలు జరిపి, అవసరమైన మాటల శిక్షణ వంటివి ఇవ్వాలి. మూడేళ్ళలోపు పిల్లలకు సహాయం చేసే పథకం 1986లో మొదలైంది. వలస అనుమతి పత్రాలు లేవని పిల్లలను ప్రభుత్వ పాఠశాలలో చేర్చుకోకుండా ఉండరాదని 1982లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. బడిలో జరిగే సమావేశానికి దుభాషిని కోరే హక్కు తల్లిదండ్రులకు ఉన్నది.

వైద్య బీమా

ప్రవర్తన చికిత్స వారానికి అనేక గంటలు సాగుతుంది కనుక బీమా లేకుండా భరించడం కష్టం. పేదల కొరకు ఉన్న మెడికెయిడ్ పథకం 21 ఏళ్ళలోపు వారికి అవసరమైన ఆటిజం చికిత్సలను ఇవ్వాలని 2014లో కేంద్ర ప్రభుత్వం స్పష్టం చేసింది. కాని 1996 నాటి చట్టం గ్రీన్ కార్డు పొందిన వారిలో చాలామందికి 5 సంవత్సరాల నిరీక్షణ విధించింది. చట్టబద్ధంగా నివసించే పిల్లలకు ఈ గడువును తొలగించే అధికారాన్ని 2009లో రాష్ట్రాలకు ఇచ్చారు. అందువలన ఒక రాష్ట్రంలో దొరికే చికిత్స పొరుగు రాష్ట్రంలో దొరకకపోవచ్చు.

బీమా సంస్థలు ఆటిజం చికిత్సకు చెల్లించాలని 2019 నాటికి 50 రాష్ట్రాలూ నిబంధనలు చేశాయి. అయితే ఉద్యోగుల వైద్యఖర్చును కంపెనీ తన సొంత నిధి నుండి భరించే పథకాలకు ఈ నిబంధనలు వర్తించవు. హెచ్-1బి వీసాపై వెళ్ళిన తెలుగు కుటుంబాలు సాధారణంగా కంపెనీ బీమాపైనే ఆధారపడతాయి. కనుక తమ పథకం ఏ రకానిదో ముందుగానే విచారించుకోవాలి.

భయాలు

ప్రభుత్వ సహాయం పొందితే గ్రీన్ కార్డు రాదనే భయం వలస కుటుంబాలలో ఉన్నది. 2019లో ప్రకటించిన నిబంధన ఈ భయాన్ని పెంచింది. 21 ఏళ్ళలోపు వారి మెడికెయిడ్‌ను అది లెక్కలోకి తీసుకోకపోయినా, కొన్ని కుటుంబాలు పిల్లలను పథకాలకు దూరంగా ఉంచాయి. ఆ నిబంధన 2021లో రద్దయింది.

అపోహలు కూడా హాని చేస్తాయి. టీకాకు ఆటిజంతో సంబంధం అంటగట్టిన 1998 నాటి వ్యాసాన్ని లాన్సెట్ పత్రిక 2010లో ఉపసంహరించింది. అయినా మిన్నెసోటాలోని సోమాలీ కుటుంబాలలో చాలామంది ఆ భయంతో టీకాలు మానుకున్నారు. 2017లో అక్కడ 75 మందికి తట్టు సోకింది. వారిలో అత్యధికులు సోమాలీ సంతతి వారే.

యుక్తవయసు

హెచ్-1బి ఉద్యోగి పిల్లలకు ఇచ్చే హెచ్-4 వీసా 21 ఏళ్ళతో ముగుస్తుంది. ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించరాదన్న పరిమితి వలన భారతీయులకు గ్రీన్ కార్డు రావడానికి ఏళ్ళ తరబడి పడుతుంది. ఇతర పిల్లలు విద్యార్థి వీసాకు మారవచ్చు. కళాశాలలో చదవలేని ఆటిజం యువకునికి ఆ దారి లేదు. తల్లిదండ్రుల సంరక్షణ లేనిదే జీవించలేని వానికి వారితో కలిసి ఉండే అనుమతే ముగిసిపోయే ప్రమాదం ఉన్నది.