సునామీ: శవాలెత్తిన చేతులు ఏ లెక్కలో ఉన్నాయి?



అమీర్‌పేట మైత్రీవనం దగ్గర దొరికే బిట్ బ్యాంకుల్లో సునామీ మీద రెండు మూడు ప్రశ్నలు ఉంటూనే ఉంటాయి. ఏ భాషా పదం? జపనీస్. హిందూ మహాసముద్రంలో ఎప్పుడొచ్చింది? 2004 డిసెంబర్ 26. హెచ్చరిక కేంద్రం ఎక్కడుంది? హైదరాబాద్. టిక్కు పెట్టి ముందుకు పోతాం. పంజాగుట్టలో ఆదివారాలు మనం కూర్చునే చదువు కూటమికి వచ్చేవాళ్లలో చాలామంది కోస్తా జిల్లాల పిల్లలే, అమీర్‌పేట హాస్టళ్లలో ఉండి కోచింగ్ తీసుకుంటున్నవాళ్లు. పోయిన వారం ఒక చెల్లి అడిగింది: "అన్నా, సముద్రమే లేని ఊళ్లో ఆ కేంద్రం ఎందుకు?"

సాంకేతికంగా జవాబు చిన్నదే. అమీర్‌పేట నుంచి కూకట్‌పల్లి దాటి వెళ్తే ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ ఉంది. 1999లో పెట్టారు. చేపలు ఎక్కడ దొరుకుతాయో ఉపగ్రహాల సాయంతో మత్స్యకారులకు చెప్పడం దాని మొదటి పనుల్లో ఒకటి. సునామీ హెచ్చరిక కేంద్రం అక్కడే 2007 అక్టోబర్‌లో మొదలైంది. భూకంప కేంద్రాలు, సముద్రం అడుగున నీటి ఒత్తిడి కొలిచే యంత్రాలు పంపే సమాచారం ఎక్కడ కూర్చున్నా అందుతుంది. కానీ అది 2007లోనే ఎందుకొచ్చింది? పసిఫిక్ మహాసముద్రానికి 1949 నుంచే హెచ్చరిక కేంద్రం ఉంది. మన సముద్రానికి లేదు.

ఆ రోజు ఉదయం మన టైము ప్రకారం ఆరున్నరకు సుమత్రా దగ్గర సముద్రం అడుగున 9.1 తీవ్రతతో భూమి కదిలింది. అల మన తూర్పు తీరానికి రావడానికి రెండు గంటలకు పైనే పట్టింది. రెండు గంటలంటే ఊరు ఊరంతా నడిచి బయటపడేంత సమయం. ఎవరూ చెప్పలేదు. ఆరోజు పౌర్ణమి, పైగా ఆదివారం. బందరు దగ్గర మంగినపూడి బీచ్‌లో పుణ్యస్నానాలకు వచ్చినవాళ్లు, పిల్లలతో సహా, కొట్టుకుపోయారు. ఆంధ్ర తీరంలో వంద మందికి పైగా చనిపోయారు. తమిళనాడులో దాదాపు 8 వేల మంది, అందులో 6 వేల మంది ఒక్క నాగపట్నం జిల్లాలోనే. అన్ని దేశాల్లో కలిపి 2 లక్షల 20 వేలకు పైనే.

మనవాళ్లు దీన్ని ఉప్పెన అనుకుంటారు. ఉప్పెన తుఫానుతో వస్తుంది, గాలీ వానా ముందే చెప్తాయి. సునామీకి ఆకాశంలో గుర్తు ఉండదు. లోతు నీళ్లలో విమానమంత వేగంతో వస్తుంది, ఓడలో ఉన్నవాళ్లకు తెలియను కూడా తెలియదు. ఒడ్డు దగ్గర వేగం తగ్గి ఎత్తు పెరుగుతుంది. చాలాచోట్ల ముందు సముద్రం వెనక్కి పోతుంది. అప్పుడు ఇసుకలో చేపలేరుకోవడానికి పరిగెత్తినవాళ్లు తిరిగి రాలేదు. ఒక అలతో అయిపోదు కూడా. ఇది మాత్రం బట్టీ పట్టండి, మార్కుల కోసం కాదు.

ఇక బిట్ బ్యాంకులో లేనిది. నాగపట్నంలో వేల శవాలు ఎవరు ఎత్తారు? వేరే మున్సిపాలిటీల నుంచి పారిశుధ్య కార్మికులను లారీల్లో తెచ్చారు. చాలామందికి గ్లౌజులు లేవు, మాస్కులు లేవు. కుళ్లిన శవాలను చేతులతో తీశారు. తమిళనాడులో ఈ పనిలో ఉన్నది ఎక్కువగా అరుంధతియార్లు. వాళ్లలో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగు. మన భాషే, మన మాదిగ బంధువులే. ఆ కుటుంబాలు అక్కడికెలా చేరాయో ఇంకోసారి రాస్తాను.

అదే తీరంలో దళితులను సహాయ శిబిరాల నుంచి వెళ్లగొట్టారని, మంచినీళ్ల ట్యాంకుల దగ్గరికి రానివ్వలేదని దళిత సంఘాలూ, 2005లో హ్యూమన్ రైట్స్ వాచ్ నివేదికా బయటపెట్టాయి. ఇక్కడొక మాట స్పష్టంగా చెప్పాలి. మత్స్యకారులు కూడా పేదలే, అందరికంటే ఎక్కువ చచ్చింది వాళ్లే. వాళ్లకొచ్చిన పడవ మీద, వల మీద మనకు కోపం లేదు. ఇబ్బంది అంతా "బాధితుడు" అన్న మాటకు పెట్టుకున్న అర్థంతోనే. పడవ పోతే నష్టం కింద రాశారు. పొలాల్లోకి ఉప్పునీళ్లు వచ్చి పంట పోతే భూమి ఉన్న రైతు పేరు రాశారు. ఆ పొలంలో నాట్లేసే కూలీకి పోయింది ఒక ఏడాది పని. రాయడానికి కాలమ్ లేదు.

ఇది సునామీతో మొదలవలేదు. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెనలో అధికారిక లెక్కే 10 వేలు. పీటర్ విన్‌చెస్టర్ అనే పరిశోధకుడు ఆ తర్వాత ఏళ్లపాటు కృష్ణా డెల్టా ఊళ్లను చూసి 1992లో పుస్తకం రాశాడు. భూమీ పరపతీ ఉన్నవాళ్లు తేరుకున్నారు, లేనివాళ్లు ఇంకా కిందికి జారారు అని అందులో తేల్చాడు. మన ముసలమ్మలు చెప్పేదే అది.

ప్రకృతి మాటకొస్తే, 2004లో పిచ్చావరం దగ్గర మడ అడవుల వెనకున్న పల్లెలకు నష్టం తక్కువ జరిగింది. మన కృష్ణా, గోదావరి తీరంలో అదే మడ అడవిని చాలాచోట్ల నరికి రొయ్యల చెరువులు తవ్వారు. చెరువు యజమాని తీరంలో కాపురం ఉండడు. చెరువు కాపలా ఉండే మనిషి ఉంటాడు.

ఇప్పుడు కేంద్రం పనిచేస్తోంది, కాదనను. 2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గర 8.6 భూకంపం వస్తే నిమిషాల్లో సమాచారం వెళ్లింది. 2020లో ఒడిశాలో రెండు ఊళ్లను యునెస్కో సునామీకి సిద్ధమైన ఊళ్లుగా గుర్తించింది. ఒకటి గంజాం జిల్లాలోని వెంకట్రాయిపూర్, రెండోది నోలియాసాహి. నోలియాలంటే ఆ తీరానికి వెళ్లి స్థిరపడిన తెలుగు జాలర్లు. దారి గుర్తులు, డ్రిల్లు, ఊరి కమిటీ, అన్నీ పెట్టుకున్నారు. చేయాలనుకుంటే అవుతుందన్నమాట.

ప్రగతినగర్‌లో మోగిన అలారం కలెక్టరాఫీసు, మండలాఫీసు, పంచాయతీ మైకు దాటి ఎస్సీ కాలనీ దాకా రావాలి. కాబట్టి సంక్రాంతికి ఊరెళ్లే కోస్తా పిల్లలు ఒక పని చేయండి. తుఫాను షెల్టర్ ఏ పేటలో ఉందో చూడండి. దాని తాళం ఎవరింట్లో ఉంటుందో కనుక్కోండి. పల్లెలో చివరి ఇంటి దగ్గర నిలబడి మైకు వినబడుతుందో లేదో వినండి. కాగితం మీద రాసి పట్టుకురండి, పంజాగుట్టలో కూర్చుని ఊరూరిదీ ఒకచోట పెడదాం. దివిసీమ మీద వచ్చే భాగం మీరు తెచ్చిన దాంతోనే రాస్తాను.