పాత ఫోటోలో బస్సు చెప్పిన సాక్ష్యం



మా ఇంట్లో ఒక నలుపు తెలుపు ఫోటో ఉంది. గౌలిగూడ బస్టాండులో సిటీ బస్సు ముందు మా నాన్నగారు, ఆయన చంకలో రెండేళ్ల పిల్లవాడు. ఫోటో వెనుక ఏమీ రాసి లేదు. ఆ బాబు 1951లో పోయిన మా అన్నయ్య అని అక్కయ్య చెప్పేది. ఏటా ఆ తిథినాడు ఫోటోకు పువ్వు పెట్టేది.

రిటైరయ్యాక పాత బస్సుల ఫోటోలు చూసి వాటి కాలం గుర్తుపట్టడం నాకు కాలక్షేపమయింది. అందుకు మూడు ఆనవాళ్లు చూడాలి.

మొదటిది, బస్సు మీది సంస్థ పేరు. 1932 జూన్‌లో 27 బస్సులు, 166 మంది సిబ్బందితో నిజాం స్టేట్ రైల్వే ఈ సర్వీసు ప్రారంభించింది. 1951లో అది హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వం చేతికి వచ్చింది. 1958 జనవరి 11న ఏపీఎస్ ఆర్టీసీ ఏర్పడింది.

రెండవది, నంబరు ప్లేటు. హైదరాబాదు రాష్ట్రపు బండ్లకు ‘హెచ్‌వై’ అక్షరాలుండేవి. చివరి ‘జడ్’ నిజాం తల్లి జహ్రా బేగం పేరున వచ్చిందని చెప్పుకుంటారు.

మూడవది, బస్సు ముక్కు మీది గుర్తు. తొలినాళ్ల ఆల్బియన్ బస్సులు స్కాట్లండులో తయారైనవి. వాటి గుర్తు ఉదయించే సూర్యుడు. టాటా వారు మెర్సిడెస్ బెంజ్‌తో కలిసి 1954లో బండ్ల తయారీ మొదలుపెట్టారు. ఆ ఒప్పందం 1969 దాకా సాగింది. ఆ బండ్ల మీద మూడు కోణాల నక్షత్రం ఉండేది.

ఒక జాగ్రత్త. బస్సు చాలా ఏళ్లు తిరుగుతుంది. కాబట్టి ఫోటో ఏ సంవత్సరానిదో అది కచ్చితంగా చెప్పదు. ఫలానా ఏడాదికి ముందుది కాదని మాత్రం చెబుతుంది.

మా ఫోటోకు భూతద్దం పెట్టాను. వెనుకనున్న బస్టాండు రేకుల కప్పు నిజాం కాలం నుంచి 2018లో కూలేదాకా ఉన్నదే, దానితో లాభం లేదు. సంస్థ పేరు, నంబరు రెండూ నాన్నగారి భుజం చాటున పడ్డాయి. కనబడింది ముక్కు ఒక్కటే. దాని మీద టాటా పేరు, మూడు కోణాల నక్షత్రం!

అంటే ఫోటో 1954కు ముందుది కాదు. అన్నయ్య అప్పటికే లేడు. నేను పుట్టింది 1953లో. ఆ తరువాత మా ఇంట మగపిల్లలు పుట్టలేదు. చంకలో ఉన్నది నేనే.

అక్కయ్యకు చెప్పాను. చాలాసేపు ఫోటో వంక చూసి, “అయితే వాడి ఫోటో మనకు లేనట్టేనా తమ్ముడూ?” అంది. నా దగ్గర జవాబు లేదు.

మిత్రులారా, మీ ఇంటి ఫోటోలు ఈ వారమే బయటికి తీయండి. అందులో ఎవరున్నారో, ఏ సంవత్సరమో, గుర్తున్నవాళ్లు ఉండగానే వెనుక పెన్సిలుతో రాయించండి. బస్సు సంవత్సరం చెప్పగలదు గాని మనుషుల పేర్లు చెప్పలేదు.