గేమ్ ఆఫ్ థ్రోన్స్ - తొలి ప్రేక్షకుల స్పందన

గేమ్ ఆఫ్ థ్రోన్స్ అమెరికాకు చెందిన హెచ్.బి.ఓ. ఛానలులో 2011 ఏప్రిల్ 17న ప్రారంభమై 2019 మే 19న ముగిసిన ఆంగ్ల టెలివిజన్ ధారావాహిక. మధ్యయుగపు ఐరోపాను పోలిన ఒక కల్పిత లోకంలో, రాజ్యాధికారం కోసం కొన్ని వంశాల మధ్య సాగే పోరాటం దీని కథావస్తువు. మొత్తం 8 సీజన్లలో 73 భాగాలు ప్రసారమైనాయి. తరువాతి కాలంలో దీనికి లభించిన ప్రపంచవ్యాప్త ఖ్యాతిని బట్టి, మొదటినుండీ ఇది అందరినీ ఆకట్టుకున్నదని అనుకోవడం సహజం. కాని 2011లో మొదటి 10 భాగాలు ప్రసారమైన పది వారాలలో ప్రేక్షకుల అభిప్రాయం అంత స్థిరంగా లేదు. ఈ వ్యాసం ఆ పది వారాల స్పందనకు సంబంధించినది. మొదటి సీజను కథలోని ముఖ్యమైన మలుపులు ఇందులో వెల్లడి చేయబడినవి. కథ ముందుగా తెలియరాదనుకునేవారు గమనించగలరు.

నేపథ్యం

ఈ ధారావాహికకు మూలం అమెరికన్ రచయిత జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ వ్రాసిన "ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్" అనే నవలా పరంపర. దీని మొదటి సంపుటం 1996లో, నాలుగవది 2005లో వెలువడినాయి. ఐదవ సంపుటం కోసం పాఠకులు ఆరు సంవత్సరాలుగా ఎదురుచూస్తున్న సమయంలోనే టెలివిజన్ రూపం వచ్చింది. కనుక ప్రసారానికి ముందే దీనికి పట్టుదల గల అభిమాన వర్గం ఒకటి ఉన్నది. డేవిడ్ బెనియాఫ్, డి. బి. వైస్ దీని రూపకర్తలు. చిత్రీకరణ ప్రధానంగా ఉత్తర ఐర్లాండులోను, మాల్టాలోను జరిగింది.

ప్రయోగాత్మక భాగం

నిజానికి ఈ ధారావాహికకు తొలి ప్రేక్షకులు రూపకర్తల మిత్రులే. 2009 చివరలో టామ్ మెకార్తీ దర్శకత్వంలో చిత్రించిన ప్రయోగాత్మక భాగాన్ని బెనియాఫ్, వైస్‌లు కొందరు తోటి రచయితలకు చూపించారు. వారిలో క్రెయిగ్ మేజిన్ ఒకరు (2019లో వచ్చిన "చెర్నోబిల్" రచయిత ఈయనే). పెద్ద లోపమున్నదని ఆయన నిర్మొహమాటంగా చెప్పాడు. చూసినవారికి సెర్సీ, జేమీలు అన్నాచెల్లెళ్ళో అక్కాతమ్ముళ్ళో, అసలు తోబుట్టువులేనన్న సంగతే బోధపడలేదు. వారిద్దరి రహస్య సంబంధాన్ని చూసినందుకే బ్రాన్ అనే బాలుడు కోట బురుజు కిటికీ నుండి తోసివేయబడతాడు. ఆ బంధుత్వం తెలియనివానికి ముగింపు దృశ్యంలోని తీవ్రత ఎలా తెలుస్తుంది? పుస్తకంలో మునిగి ఉన్నవారికి తెలిసినదంతా తెర మీద కూడా ఉన్నదనుకోవడం వలన కలిగిన లోపమిది.

2010లో ఈ భాగంలో చాలావరకు టిమ్ వాన్ పాటెన్ దర్శకత్వంలో మళ్ళీ చిత్రించారు. కేట్లిన్ పాత్రకు జెన్నిఫర్ ఏలీ బదులు మిషెల్ ఫెయిర్లీని, డనేరిస్ పాత్రకు టామ్జిన్ మర్చంట్ బదులు ఎమిలియా క్లార్క్‌ను తీసుకున్నారు. ఇటువంటి ప్రదర్శనలలో మిత్రులు సాధారణంగా మర్యాదకు పొగుడుతారు. ఇక్కడ అలా జరిగి ఉంటే ధారావాహిక భవిష్యత్తు వేరుగా ఉండేదేమో.

మొదటి వారాలు

తొలి భాగం మొదటి ప్రసారాన్ని అమెరికాలో సుమారు 22 లక్షల మంది చూశారు. అదే రాత్రి జరిగిన పునఃప్రసారాలతో కలిపితే ఈ సంఖ్య 42 లక్షలు. అదే ఛానలులో 2010 సెప్టెంబరులో మొదలైన "బోర్డ్‌వాక్ ఎంపైర్" తొలి ప్రసారానికి 48 లక్షల మంది ప్రేక్షకులున్నారు. దానితో పోలిస్తే ఇది గొప్ప ఆరంభమేమీ కాదు. అయినప్పటికీ హెచ్.బి.ఓ. రెండు రోజులకే, ఏప్రిల్ 19న, రెండవ సీజనుకు అనుమతినిచ్చింది. రెండవ వారంలో కూడా ప్రేక్షకుల సంఖ్య దాదాపు 22 లక్షల వద్దనే నిలిచింది. కొత్త ధారావాహికలకు రెండవ వారంలో ఆదరణ పడిపోవడం పరిపాటి కనుక ఈ నిలకడ గమనించదగినది.

మొదటిసారి చూసినవారి ప్రధానమైన ఫిర్యాదు పేర్లు, బంధుత్వాలు గుర్తుండకపోవడం. స్టార్క్, లానిస్టర్, బరాథియన్, టార్గేరియన్ వంశాలు, వారి చిహ్నాలు, సముద్రానికి ఆవల మరొక కథ - ఇవన్నీ ఒక గంటలో మీద పడేసరికి పలువురు తికమకపడ్డారు. యంత్రాల వలె కోటలు పైకి లేచే పటాన్ని చూపే ప్రారంభ దృశ్యం ఈ విషయంలో ఎంతో ఉపకరించింది. ఆ వారం కథ ఏయే ప్రదేశాలలో నడుస్తుందో అది ముందే చూపుతుంది. రామిన్ జవాదీ సంగీతంతో కూడిన ఈ దృశ్యానికి 2011లో ఎమ్మీ పురస్కారం లభించింది.

రెండవ భాగంలో లేడీ అనే తోడేలును చంపవలసి రావడం చాలామందిని మనుషుల మరణాల కంటే ఎక్కువగా బాధించింది. ఆ పాత్ర ధరించిన కుక్కను, సాన్సాగా నటించిన సోఫీ టర్నర్ కుటుంబం తరువాత పెంచుకున్నది.

విమర్శలు

వృత్తి సమీక్షకులలో ఎక్కువమంది మెచ్చుకున్నారు. కాని న్యూయార్క్ టైమ్స్‌లో జినియా బెల్లాఫాంటే వ్రాసిన సమీక్ష పెద్ద వివాదమైంది. ఇది ప్రధానంగా మగవారి అభిరుచికి తగిన కథ అని, శృంగార దృశ్యాలు స్త్రీలను ఆకర్షించడానికి చేర్చినవి కావచ్చునని ఆమె భావించారు. మార్టిన్ నవలలను ఏళ్ళ తరబడి చదువుతున్న స్త్రీలు దీనిని తీవ్రంగా ఖండించారు. ఏమి చదవాలో తమకు ఇతరులు చెప్పనక్కరలేదన్నది వారి వాదన.

ఇది ఇలా ఉండగా, ఆ స్త్రీ ప్రేక్షకులలోనే పలువురికి వేరే అభ్యంతరాలుండెను. డనేరిస్ వివాహరాత్రి నవలలో ఆమె సమ్మతితో ముగుస్తుంది. తెర మీద అది బలాత్కారంగా మారింది. ఈ మార్పు వలన తరువాత ఆమెకు భర్తపై కలిగే ప్రేమ నమ్మశక్యంగా లేదన్నారు. అలాగే కథకు కావలసిన వివరాలను శృంగార దృశ్యాల మధ్య చెప్పించే పద్ధతికి విమర్శకుడు మైల్స్ మెక్‌నట్ 2011లో "సెక్స్‌పొజిషన్" అని పేరు పెట్టాడు. ఆ మాట ఆంగ్లంలో స్థిరపడిపోయింది.

చదివినవారు, చదవనివారు

ఈ ధారావాహిక ప్రేక్షకులు మొదటినుండే రెండు వర్గాలుగా ఉన్నారు. ఏ.వి. క్లబ్ అనే అమెరికన్ ప్రచురణ ప్రతి భాగానికి నవలలు తెలిసినవారి కోసం ఒకటి, తెలియనివారి కోసం ఒకటి చొప్పున రెండు సమీక్షలు వెలువరించేది. తెలిసినవారు ఏమి వదిలివేశారో వెతికేవారు. ఉదాహరణకు 9వ భాగంలో టిరియన్ తలకు దెబ్బ తగిలి స్పృహ కోల్పోవడం, మేలుకొనేసరికి యుద్ధం ముగిసిపోవడం వారికి నిరాశ కలిగించింది. నవలలో ఆ యుద్ధ వర్ణన ఉన్నది.

నెడ్ స్టార్క్ మరణం

2011 జూన్ 12న ప్రసారమైన "బేలోర్" అనే 9వ భాగం చివర నెడ్ స్టార్క్ శిరశ్ఛేదం జరుగుతుంది. ప్రచార చిత్రాలలో సింహాసనంపై కూర్చున్నది ఈ పాత్ర ధరించిన షాన్ బీన్. అందరిలోకి పేరున్న నటుడూ ఆయనే. కాబట్టి చదవనివారు ఆయననే కథానాయకుడని భావించారు. దృశ్యం కూడా వారి ఆశను చివరివరకు నిలుపుతుంది. నెడ్ తన కుమార్తెల కోసం చేయని నేరాన్ని ఒప్పుకుంటాడు. క్షమాభిక్ష తథ్యమనిపిస్తుంది. అప్పుడు జాఫ్రీ మాట తప్పుతాడు. గుంపులో ఉన్న చిన్న కూతురు ఆర్యాను యోరెన్ పట్టుకొని చూడనివ్వడు. ఆమెకు ఎగిరిపోయే పక్షులు మాత్రమే కనబడతాయి.

ఈ సంగతి నవలలో 1996నుండే ఉన్నప్పటికీ, చదివినవారిలో చాలామంది ఎనిమిది వారాలపాటు నోరు విప్పలేదు. చదవనివారిలో కొందరు మోసపోయినట్లు భావించి, ఇక చూడబోమని, ఛానలు చందా మానివేస్తామని ప్రకటించారు. నాయకుడు చివరి క్షణంలో రక్షింపబడతాడన్నది టెలివిజన్ కథలలో చెప్పకనే చెప్పిన ఒప్పందం. దానిని ఉల్లంఘిస్తే ప్రేక్షకుడు మిగులుతాడా అన్నది అప్పటి ప్రశ్న. 9వ భాగం తొలి ప్రసారాన్ని చూసినవారు సుమారు 26.6 లక్షలు కాగా, జూన్ 19న వచ్చిన చివరి భాగాన్ని చూసినవారు 30.4 లక్షలు. ఆ సీజనులో ఇదే అత్యధిక సంఖ్య. మానివేస్తామన్నవారిలో ఎందరు నిజంగా మానారో గాని, సంఖ్య మాత్రం తగ్గలేదు.

తరువాత

మార్టిన్ ఐదవ సంపుటం "ఎ డాన్స్ విత్ డ్రాగన్స్" 2011 జూలై 12న విడుదలైంది. సెప్టెంబరులో టిరియన్ పాత్రధారి పీటర్ డింక్లేజ్‌కు ఉత్తమ సహాయ నటుడిగా ఎమ్మీ పురస్కారం లభించింది. రహస్యాన్ని కాపాడే పాఠకుల ఆచారం కొనసాగింది. 2013 జూన్ 2న రాబ్ స్టార్క్ హతుడయ్యే వివాహ విందు దృశ్యం ప్రసారమైనపుడు, ఏమి జరగనున్నదో ముందే తెలిసిన కొందరు పక్కనున్న మిత్రుల ముఖాలను వీడియో తీశారు. 2016లో 6వ సీజనుతో కథ అప్పటికి అచ్చయిన సంపుటాలను దాటిపోయింది. అప్పటినుండి నవలలు చదివినవారికి కూడా రానున్న వారం ఏమి జరుగుతుందో తెలియకుండా పోయింది.