బానెట్ కింద పన్నుల పద్దు

మధ్యశ్రేణి సెడాన్ అంటే నాలుగు మీటర్లకు మించిన పొడవు, వెనుక విడిగా డిక్కీ, ఐదుగురు కూర్చునే వీలు ఉన్న కుటుంబ కారు అని భారతదేశపు వాడుకలో స్థిరపడిన అర్థం. దాని బానెట్ కింద ఎంత పెద్ద ఇంజిన్ ఉండాలి, అది పెట్రోలుతో నడవాలా డీజిలుతో నడవాలా అన్న ప్రశ్నలకు గత నలభై ఏళ్లలో వచ్చిన జవాబులను వరుసగా పరిశీలిస్తే, వాటిలో ఇంజనీర్ల చేతికన్నా ఆర్థిక, పెట్రోలియం మంత్రిత్వ శాఖల చేయే ఎక్కువగా కనిపిస్తుంది.

లైసెన్సుల కాలంలో ఎంపిక అన్న మాటకే పెద్దగా తావులేదు. హిందుస్థాన్ మోటార్స్ 1984లో తెచ్చిన కాంటెస్సాకు బ్రిటన్‌లోని వాక్స్‌హాల్ కంపెనీ 1970ల నాటి విక్టర్ కారు నుంచి విశాలమైన శరీరం దక్కింది గానీ, ఇంజిన్ మాత్రం అంబాసిడర్‌లో ఎప్పటినుంచో ఉన్న 1,489 సీసీదే కావడంతో, ఆ బరువును దాదాపు 50 అశ్వశక్తితో లాగవలసి వచ్చింది. సీసీ అంటే ఇంజిన్ సిలిండర్లలో పిస్టన్లు కదిలే చోటు మొత్తం ఘనపరిమాణం. అది ఎంత పెద్దదైతే ఒక్కో విడతలో అంత ఎక్కువ గాలిని, ఇంధనాన్ని మండించవచ్చు. 1985లో మద్రాసు నుంచి వచ్చిన స్టాండర్డ్ 2000 కథ ఇంకా విచిత్రమైనది. రోవర్ ఎస్‌డీ1 అనే ఆధునిక కారు ఆకారంలో 1,991 సీసీల పాతకాలపు ఇంజిన్‌ను అమర్చడంతో అది పైన పటారం లోన లొటారంగా మిగిలి, కొద్ది ఏళ్లకే కనుమరుగైంది. ప్రీమియర్ 118ఎన్‌ఈ మాత్రం ఫియట్ 124 శరీరానికి 1,171 సీసీల నిస్సాన్ ఇంజిన్‌ను జోడించి వాటికంటే మెరుగనిపించుకుంది. కాంటెస్సాకు కూడా ఆ దశాబ్దపు చివరలో ఇసుజు 1.8 లీటర్ల ఇంజిన్ అందాక గానీ ఆకారానికి తగిన సత్తువ రాలేదు.

1990 నాటి మారుతి 1000లో ఉన్నది 970 సీసీల ఇంజినే అయినా, 1994లో దాని స్థానంలోకి వచ్చిన ఎస్టీమ్ 1,298 సీసీలతో 65 అశ్వశక్తినిచ్చింది. అసలైన మలుపు 1998లో హోండా సిటీతో వచ్చింది. ఒకే శరీరంలో 1.3 లీటర్లు, 1.5 లీటర్లు అని రెండు పెట్రోలు ఇంజిన్లను పెట్టి, పెద్దదానితో 100 అశ్వశక్తినిచ్చిన ఆ కారు, ఇంజిన్‌ను బట్టి కారును ఎంచుకొనే అలవాటును మధ్యతరగతి కొనుగోలుదారుకు నేర్పింది. ఆ తరువాత 2003 నాటి కొత్త సిటీలో హోండా ఉద్దేశపూర్వకంగానే వెనక్కి తగ్గింది. ఒక్కో సిలిండర్‌కు రెండేసి స్పార్క్ ప్లగ్గులతో ఇంధనాన్ని పూర్తిగా మండించే ఐ-డీఎస్ఐ ఇంజిన్ 1.5 లీటర్లలో 77 అశ్వశక్తినే ఇచ్చింది గానీ, మైలేజీ పెంచింది. పికప్ కోరేవారు పెదవి విరిచినా, నెలజీతగాడి లెక్క హోండా వైపే మొగ్గింది.

అదే సమయంలో డీజిల్ ఇంజిన్ స్వభావం మారిపోయింది. స్పార్క్ ప్లగ్గుతో పని లేకుండా, గాలిని బాగా అదిమి పుట్టించిన వేడితోనే ఇంధనాన్ని మండించడం డీజిల్ ఇంజిన్ పద్ధతి. అందువల్ల తక్కువ వేగంలోనే టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం, ఎక్కువగా దొరుకుతుంది గానీ, పాత ఇంజిన్లలో శబ్దం, పొగ, మందకొడితనం తప్పేవి కావు. 2002లో హ్యుందాయ్ యాక్సెంట్ సీఆర్‌డీఐ మూడే సిలిండర్లతో 82 అశ్వశక్తినిచ్చి ఆ అభిప్రాయాన్ని చెరిపేసింది. అందులోని కామన్ రైల్ అనే ఏర్పాటులో డీజిల్‌ను ఒకే గొట్టంలో అత్యధిక పీడనంతో నిల్వ ఉంచి, ఎలక్ట్రానిక్ నియంత్రణతో సరైన క్షణాన సరైన మోతాదును చిమ్ముతారు.

అయితే డీజిల్ సెడాన్లకు పట్టిన మోజుకు సాంకేతికత ఒక్కటే కారణమనడం సగం నిజమే అవుతుంది. కేంద్రం 2010 జూన్‌లో పెట్రోలు ధరపై నియంత్రణ ఎత్తివేసి, రైతులు, లారీల పేరిట డీజిల్ ధరను మాత్రం పట్టి ఉంచడంతో, 2012 మే నాటికి ఢిల్లీలో పెట్రోలు లీటరు 73 రూపాయలు దాటగా డీజిల్ 41 రూపాయల దగ్గరే నిలిచింది. పెట్రోలు కారు లీటరుకు 12 కిలోమీటర్లు, డీజిల్ కారు 16 కిలోమీటర్లు నడుస్తాయనుకుంటే, కిలోమీటరుకు దాదాపు మూడున్నర రూపాయలు మిగిలేవి. డీజిల్ రకానికి అదనంగా లక్షా పాతిక వేలు పెట్టినా, ముప్పయి అయిదు వేల కిలోమీటర్లకే ఆ సొమ్ము తిరిగి వచ్చేది. లారీకి ఉద్దేశించిన రాయితీని కారు యజమాని అనుభవించాడన్న విమర్శ ఈ లెక్క చూస్తే అతిశయోక్తి అనిపించదు. 2011 నాటి హ్యుందాయ్ వెర్నాలో రెండు పెట్రోలు, రెండు డీజిల్ ఇంజిన్లు ఉండగా, వాటిలో 128 అశ్వశక్తి గల 1.6 లీటర్ల డీజిల్ రకమే జనం దృష్టిని ఆకట్టుకుంది. ఒకే పెట్రోలు ఇంజిన్‌ను నమ్ముకున్న సిటీ అగ్రస్థానాన్ని దానికి వదులుకోవలసి వచ్చింది. చివరకు 2014 జనవరిలో సిటీకి కూడా డీజిల్ ఇంజిన్ వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో డీజిల్ ధరపైనా నియంత్రణ పోయింది!

ధరతో పాటు పన్ను గీతలు కూడా ఈ కథను నడిపించాయి. 2006 కేంద్ర బడ్జెట్ నాలుగు మీటర్లకు మించని పొడవు, 1,200 సీసీల లోపు పెట్రోలు లేదా 1,500 సీసీల లోపు డీజిల్ ఇంజిన్ ఉన్న కార్లకు ఎక్సైజ్ సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించింది. దాంతో టాటా ఇండిగో సీఎస్, ఆ తరువాత మారుతి డిజైర్ వంటివి డిక్కీలు కత్తిరించుకొని ఆ గీత లోపలికి చేరగా, మధ్యశ్రేణి సెడాన్ గీతకు అవతలే మిగిలిపోయింది. 2017లో జీఎస్టీ వచ్చాక మరో గీత పడింది. సెస్సుతో కలిపి 1,500 సీసీల లోపు మధ్యశ్రేణి కారుకు 45 శాతం, అది దాటిన పెద్ద కారుకు 48 శాతం పన్ను అయింది. దీనికి 2020 ఏప్రిల్ నాటి బీఎస్-6 ఉద్గార నిబంధనలు తోడై, డీజిల్ కారు కిలోమీటరుకు వదలగల నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితిని 250 మిల్లీగ్రాముల నుంచి 80కి దించాయి. దాన్ని అందుకోవాలంటే పొగగొట్టంలో ఖరీదైన వడపోత పరికరాలు తప్పనిసరి కనుక మారుతి, ఫోక్స్‌వాగన్ డీజిల్‌ను వదులుకున్నాయి; వెర్నాలోని 1.6 లీటర్ల ఇంజిన్ల స్థానంలో 1.5 లీటర్లవి వచ్చాయి. 2023 నాటికి ఈ శ్రేణిలో డీజిల్ కారే లేకుండా పోయింది.

వెర్నాలో ఆగిపోయిన ఆ 1,493 సీసీల డీజిల్ ఇంజిన్ మాత్రం, అనంతపురం ప్రాంతంలోని పెనుకొండలో తయారయ్యే కియా సెల్టోస్ అనే ఎస్‌యూవీలో కొనసాగింది; వడపోత పరికరాల ఖర్చును ఎత్తైన బండి కొనేవారు భరిస్తారని, సెడాన్ కొనేవారు భరించరని కంపెనీలు వేసుకున్న అంచనా అందులో తెలుస్తుంది.

డీజిల్ ఖాళీ చేసిన చోటును రెండు రకాల పెట్రోలు ఇంజిన్లు పంచుకున్నాయి. బయటికి పోయే పొగ వేగంతోనే చిన్న చక్రాన్ని తిప్పి ఇంజిన్‌లోకి అదనపు గాలిని నెట్టే టర్బో ఒకటి. దాని సాయంతో 2023 వెర్నా 1.5 లీటర్లలోనే 160 అశ్వశక్తిని, 253 న్యూటన్ మీటర్ల టార్క్‌ను ఇచ్చి పాత డీజిల్ బలాన్ని పెట్రోలులోనే చూపింది. రెండోది 2022లో సిటీకి వచ్చిన హైబ్రిడ్; ఊళ్లో చాలామటుకు విద్యుత్ మోటారే చక్రాలను తిప్పి, పెట్రోలు ఇంజిన్ ఎక్కువగా విద్యుత్తును పుట్టించే పనిలో ఉండడం వల్ల, టార్క్ అంతే అయినా మైలేజీ లీటరుకు 26 కిలోమీటర్లు దాటుతుందని కంపెనీ ప్రకటించింది. ఆగి ఆగి నడిచే హైదరాబాదు రద్దీలో హైబ్రిడ్, ఖాళీ జాతీయ రహదారిపై టర్బో తమ తమ సత్తా చూపుతాయి. రెండింటినీ ఒకే మైలేజీ అంకెతో పోల్చడం సబబు కాదు.

2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లకు 18 శాతం, మిగిలిన పెట్రోలు, డీజిల్ కార్లన్నిటికీ 40 శాతం జీఎస్టీ అమలులోకి రావడంతో, పదిహేను వందల సీసీల దగ్గర ఎనిమిదేళ్లుగా నిలిచిన గీత చెరిగిపోయింది. ఆ గీతకు లోబడి రూపొందిన ఒకటిన్నర లీటర్ల ఇంజిన్లు మాత్రం ఇంకా అవే కార్లలో తిరుగుతున్నాయి.