నవల తెరకెక్కినప్పుడు సంఘం ఏం చేయాలి?

సెలవులు వచ్చాయంటే పిల్లల చేతిలోకి ఫోను వస్తుంది. జనగామ పట్టణంలో అయినా, మహబూబాబాద్ తండాలో అయినా, భూపాలపల్లి సింగరేణి కాలనీలో అయినా ఇప్పుడు ఇదే సంగతి. తెల్ల ఎలుగుబంటి మీద స్వారీ చేసే అమ్మాయి, మాట్లాడే జంతువులు, ఆకాశంలో ఎగిరే మంత్రగత్తెలు చిన్న తెర మీద కదులుతుంటారు. వంటింట్లో ఉన్న తల్లి చెవిన ‘డీమన్’ అనే మాట పడుతుంది. ఆదివారం ఆరాధన ముగిశాక ఆమె అడుగుతుంది: “అయ్యగారూ, ఇవి మన పిల్లలు చూడొచ్చా?”

చూడొచ్చు అనో, చూడకూడదు అనో ఒక్క మాటలో చెప్పేయడం తేలిక. ఆ ఒక్క మాటతో పిల్లవాడి మనసులోని ప్రశ్న మాత్రం తీరదు. అందుకే మతపరంగా వివాదం రేపిన ఒక నవలా పరంపర సినిమాగా మారినప్పుడు ఏం జరిగిందో, అలాంటి వివాదమే మన రాష్ట్రానికి వచ్చినప్పుడు ఏం జరిగిందో ఈ వారం పాఠకుల ముందు ఉంచుతున్నాం.

ఆ కథ ఏమిటి?

ఇంగ్లండు రచయిత ఫిలిప్ పుల్‌మన్ ‘హిజ్ డార్క్ మెటీరియల్స్’ అనే పేరుతో మూడు నవలలు రాశారు. మొదటిది ‘నార్తర్న్ లైట్స్’ 1995లో, రెండవది ‘ద సటిల్ నైఫ్’ 1997లో, మూడవది ‘ది ఆంబర్ స్పైగ్లాస్’ 2000లో వచ్చాయి. మొదటి పుస్తకం అమెరికాలో ‘ద గోల్డెన్ కంపాస్’ అనే పేరుతో వెలువడింది. ఆ పేరునే తరువాత సినిమాకు పెట్టారు.

కథానాయిక లైరా అనే బాలిక. ఆమె లోకంలో ‘మెజిస్టీరియం’ అనే మతాధికార వ్యవస్థ రాజ్యమేలుతుంటుంది. పాపం అంటకుండా కాపాడతామంటూ ఆ వ్యవస్థ అండతో పిల్లలను ఎత్తుకుపోయి, వారి ఆత్మను వారి నుంచి కోసి వేరు చేసే ప్రయోగాలు సాగుతుంటాయి. మూడవ పుస్తకానికి వచ్చేసరికి కథ పరలోకం మీద యుద్ధంగా మారుతుంది. తానే సృష్టికర్తనని చెప్పుకొన్న ఒక వృద్ధ దూత చివరికి గాలిలో కలిసిపోతాడు. పుల్‌మన్ తన అవిశ్వాసాన్ని ఎన్నడూ దాచుకోలేదు. సి.ఎస్. లూయిస్ రాసిన ‘నార్నియా’ కథలంటే తనకు గిట్టదని బాహాటంగానే చెప్పారు. కాబట్టి ఈ పుస్తకాల మీద క్రైస్తవులు పెట్టిన అభ్యంతరం ఊహించి కల్పించింది కాదు. నవలల్లో ఆ దాడి నిజంగానే ఉంది.

డీమన్ అంటే దయ్యమా?

తెలుగు పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. మన బైబిలులో ‘దయ్యము’ అంటే మనిషిని పట్టి పీడించే అపవిత్రాత్మ. పుల్‌మన్ కథలో ‘డీమన్’ అది కాదు. ఆ లోకంలో మనిషి ఆత్మ శరీరం బయట ఒక జంతువు రూపంలో అతని వెంటే ఉంటుంది. పిల్లల డీమన్ రూపాలు మారుస్తూ ఉంటుంది, పెద్దయ్యాక ఒకే రూపంలో స్థిరపడుతుంది. పాత గ్రీకు మాటను రచయిత ఇలా వాడుకున్నారు. దీన్ని ‘దయ్యం’ అని తెలుగు చేస్తే కథ తలకిందులవుతుంది. పిల్లలు దయ్యాలతో స్నేహం చేస్తున్నారని తల్లిదండ్రులు హడలిపోతారు. అభ్యంతరం చెప్పవలసిన చోటు వేరే ఉండగా, లేని చోట చెప్పినవాళ్లమవుతాం.

‘మంత్రగత్తె’ అన్న మాట విషయంలో జాగ్రత్త ఇంకో రకంగా ఉండాలి. ఆ కథలో మంత్రగత్తెలు లైరాకు సాయపడేవాళ్లు. ఇంగ్లండులో చదివే పిల్లకు అది వట్టి కల్పన. మన పల్లెల్లో అలా కాదు. చేతబడి, బాణామతి అనుమానంతో మనుషులను కొట్టిన, చంపిన వార్తలు తెలంగాణ గ్రామాల నుంచి ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. వాటికి బలయ్యేది చాలాసార్లు దిక్కులేని ముసలివాళ్లు, ఒంటరి ఆడవాళ్లు. కాబట్టి సినిమాలో మంత్రగత్తె కనబడిందని భయపడే ముందు, మన వాడకట్టులో ఎవరి మీదనైనా ఆ ముద్ర వేస్తుంటే సంఘంగా మనం ఎటువైపు నిలబడ్డామో చూసుకోవాలి.

తెర మీదికి వచ్చేసరికి

2005లో నార్నియా మొదటి కథ సినిమాగా వచ్చి ప్రపంచమంతటా 70 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. అమెరికాలో దానిని సంఘాల ద్వారా కూడా ప్రచారం చేశారు. ఆ తరువాత రెండేళ్లకు, 2007 డిసెంబరులో, న్యూలైన్ సినిమా సంస్థ ‘ద గోల్డెన్ కంపాస్’ను విడుదల చేసింది. దర్శకుడు క్రిస్ వైట్జ్. నికోల్ కిడ్‌మన్, డేనియల్ క్రెయిగ్ నటించారు. ఖర్చు దాదాపు 18 కోట్ల డాలర్లు.

అంత ఖర్చు పెట్టినవారు ప్రేక్షకులలో సగం మందిని దూరం చేసుకోవాలనుకోరు. అందుకే నవలలో సూటిగా ఉన్న మాటలు తెర మీద మెత్తబడ్డాయి. మెజిస్టీరియం సంఘంలా కాక, ఏదో నిరంకుశ ప్రభుత్వంలా కనిపించింది. ఆదిపాపం గురించిన చర్చ కనుమరుగైంది. నవల చివరి అధ్యాయాల్లోని విషాదాన్ని తీసివేసి, ఆశాజనకమైన చోట కథ ఆపారు.

అయినా గొడవ తప్పలేదు. అమెరికాలోని కాథలిక్ లీగ్ సినిమాను బహిష్కరించమని పిలుపునిచ్చింది. సినిమాలో పెద్దగా ఏమీ లేకపోయినా, అది చూసిన పిల్లలు పుస్తకాలు కొనుక్కుంటారన్నది వారి వాదన. మరోవైపు అమెరికా కాథలిక్ బిషప్పుల సమాఖ్య సమీక్షా విభాగం మొదట సినిమాను మెచ్చుకుంటూ రాసి, తరువాత ఆ సమీక్షను వెనక్కి తీసుకుంది. నవలలను ప్రేమించినవారు అసలు విషయమే తీసేశారని కోపగించారు. అమెరికాలో సినిమా సుమారు 7 కోట్ల డాలర్ల దగ్గరే ఆగిపోయింది. బయటి దేశాల్లో బాగానే ఆడినా, తరువాతి రెండు భాగాలు తీయనే లేదు. విజువల్ ఎఫెక్ట్స్‌కు ఆస్కార్ మాత్రం దక్కింది.

విషయం అక్కడితో ముగియలేదు. 2019 నుంచి 2022 వరకు బీబీసీ, హెచ్‌బీఓ కలిసి మూడు పుస్తకాలనూ మూడు సీజన్ల ధారావాహికగా తీశాయి. అందులో మెజిస్టీరియం మతవ్యవస్థేనని దాచలేదు. మూడవ సీజన్‌లో పరలోకం మీద యుద్ధమూ వచ్చింది. 2007లో బహిష్కరణతో ఆగిందనుకున్న కథ పన్నెండేళ్లకు మరింత సూటిగా, థియేటరు గుమ్మం కూడా లేకుండా, నేరుగా ఇంటి తెర మీదికి వచ్చింది.

మన రాష్ట్రంలో ఏం జరిగింది?

ఇలాంటి పరీక్ష మన ముంగిటికే 2006లో వచ్చింది. డాన్ బ్రౌన్ రాసిన రాబర్ట్ లాంగ్డన్ నవలల వరుసలో రెండవదైన ‘ద డావిన్సీ కోడ్’ అప్పుడు సినిమా అయింది. అది ఊహాలోకపు కథ కాదు, అపరాధ పరిశోధన. కానీ యేసుక్రీస్తుకు పెండ్లి అయిందని, సంతానం కలిగిందని అందులో కల్పించారు. ఆ మాట మన విశ్వాసానికి మూలంలోనే తగిలింది.

కేంద్ర సెన్సారు బోర్డు దానికి ‘ఎ’ సర్టిఫికెట్ ఇచ్చింది. ఇది కేవలం కల్పన అన్న ప్రకటన తెర మీద వేయమంది. అయినా పలు క్రైస్తవ సంస్థలు కోరడంతో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జూన్‌లో సినిమాను నిషేధించింది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అప్పుడు ఉమ్మడి వరంగల్ జిల్లాలోనివి, కాబట్టి ఆ ఉత్తర్వు మనకూ వర్తించింది. పంపిణీదారులు హైకోర్టుకు వెళ్లారు. కొద్ది వారాల్లోనే జస్టిస్ జి. రఘురామ్ ఆ నిషేధాన్ని కొట్టివేశారు. సినిమాను చూసి తూకం వేయకుండా, వచ్చిన వినతిపత్రాలనే ఆధారం చేసుకుని ప్రభుత్వం నిర్ణయం తీసుకుందని తప్పుపట్టారు. అంతకు ముందే, 1989లో ఎస్. రంగరాజన్ కేసులో, ఊరేగింపులు జరుగుతాయనో అల్లర్లు జరుగుతాయనో భయపడి భావప్రకటన స్వేచ్ఛను అణచకూడదని సుప్రీంకోర్టు చెప్పి ఉంది.

ఆ రోజుల్లో నిషేధం కోరినవారి బాధ అబద్ధం కాదు. ప్రభువును అవమానిస్తే విశ్వాసికి నొప్పి కలుగుతుంది. ఆ నొప్పిని మేము తేలిక చేయడం లేదు. కానీ ఆనాటి లెక్క ఇప్పుడు చూసుకుంటే ఏం మిగిలింది? నవల అప్పటికే మూడేళ్లుగా పుస్తకాల అంగళ్లలో ఉంది. నిషేధం వార్త సినిమా పేరు వినని ఊళ్లకు కూడా దాన్ని పరిచయం చేసింది. ‘యేసుకు పెండ్లి అయిందట నిజమేనా’ అని యౌవనస్థులు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పే బాధ్యత మాత్రం అలాగే మిగిలిపోయింది.

ఇంకొక సంగతి మనం గంభీరంగా ఆలోచించాలి. మన జిల్లాల్లో మనం కొద్దిమందిమి. చూడకుండానే, వినకుండానే, వినతిపత్రం చాలునని ప్రభుత్వం ఒక సినిమాను ఆపగలిగితే, అదే చేత్తో ఒక ఉజ్జీవ కూటాన్ని కూడా ఆపగలదు. మా మనోభావాలు దెబ్బతిన్నాయని రేపు మరొకరు వంద సంతకాలతో కలెక్టరేటుకు వెళితే మనకు అండగా ఉండేది ఆ హైకోర్టు తీర్పులాంటి తీర్పులే. మనకు కావలసిన స్వేచ్ఛను మనకు నచ్చనివారికి కూడా ఇవ్వడానికి మనం సిద్ధంగా ఉండాలి.

అంటే చట్టంలో దారే లేదని కాదు. ఏదైనా మతాన్ని కావాలని, దురుద్దేశంతో అవమానించడం నేరం. పాత శిక్షాస్మృతిలో అది 295ఎ సెక్షను, 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో 299. కానీ ఒక కల్పిత కథ నచ్చకపోవడం వేరు, దురుద్దేశంతో చేసిన అవమానం వేరు. ఆ తేడా తెలియకుండా ఠాణా మెట్లెక్కకూడదు.

మనమూ కథను మార్చి చెప్పినవాళ్లమే

గ్రంథాన్ని మరొక రూపంలోకి తేవడం మన సంఘాలకు కొత్త కాదు. 1978లో విజయచందర్ ‘కరుణామయుడు’ తీశారు. సువార్తల్లో లేని పాటలు, సన్నివేశాలు ఉన్నా, ఊరూరా తెర కట్టి ఆ సినిమాను చూపించి, ఎందరినో ప్రభువు దగ్గరకు నడిపించాయి మన సంస్థలు. మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకల్ చూడండి. భారతీయులలో మొదటి ఆంగ్లికన్ బిషప్పు అయిన వి.ఎస్. అజరయ్య అక్కడ కట్టించిన ఎపిఫనీ కెథడ్రల్ 1939లో ప్రతిష్ఠితమైంది. గుడి స్తంభాల పోలికలు, మసీదు గుమ్మటాల పోలికలు అందులో కలిసి ఉంటాయి. మన నేల రూపాలను తీసుకుని ఆయన మన దేవుని స్తుతించారు.

రూపం మారినప్పుడు కొంత కలుస్తుంది, కొంత పోతుంది. ఇది మనకు అనుకూలమైన సినిమాకూ వర్తిస్తుంది, వ్యతిరేకమైనదానికీ వర్తిస్తుంది. కాబట్టి తెర మీద చూసినదాన్ని మూలగ్రంథంతో సరిపోల్చి చూసే అలవాటు పిల్లలకు చిన్నప్పుడే నేర్పాలి.

ఇంట్లో, సండే స్కూల్లో

మొదట, సర్టిఫికెట్ చూడండి. 2024 నిబంధనల ప్రకారం థియేటరు సినిమాలకు ‘యు’, ‘ఎ’ లతో పాటు ‘యుఎ 7+’, ‘యుఎ 13+’, ‘యుఎ 16+’ అనే వర్గాలు ఉన్నాయి. ఓటీటీలో వచ్చేవాటికి 2021 నిబంధనల కింద ఆ సంస్థలే వయసు గుర్తు వేయాలి. పిల్లల ఖాతాకు తాళం పెట్టుకునే వీలూ ఉంది.

రెండవది, వీలైతే పిల్లలతో కలిసి చూడండి. ముగిశాక మూడు ప్రశ్నలు అడగండి: ఈ కథలో దేవుడు ఎలాంటివాడు? మనం వాక్యంలో చదివిన దేవునికీ అతనికీ పోలిక ఉందా? ఈ కథ ఎవరి మీద కోపంగా ఉంది?

మూడవది, ఆ కోపంలో నిజం ఉంటే ఒప్పుకోండి. పుల్‌మన్ నవలల్లో చనిపోయేది సృష్టికర్త కాదు, సృష్టికర్తనని అబద్ధమాడిన ఒక దూత. శిలువ మోసిన యేసు ఆ కథలో పాత్రగా ఎక్కడా కనిపించడు. ఆ మెజిస్టీరియంలో అధికారం ఉంది, కృప లేదు. అలాంటి వ్యవస్థను చూసి రచయిత కోపగించుకుంటే, ధర్మశాస్త్ర బోధకులను మన ప్రభువు అంతకన్నా ఘాటుగానే గద్దించాడని గుర్తు చేసుకోవాలి. 2004లో అప్పటి కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు రోవన్ విలియమ్స్ ఈ నవలల నాటకరూపం చూసి, పుల్‌మన్‌తో ఒకే వేదిక మీద కూర్చుని చర్చించారు. ఆయన విశ్వాసానికి నష్టం కలగలేదు. పైగా విశ్వాసం లేనివారు కూడా కూర్చుని విన్నారు.

నాల్గవది, సంఘపు యౌవనస్థుల కూడికలో ఏడాదికి ఒక్కసారైనా ఇలాంటి చర్చ పెట్టండి. బబులోనులో దానియేలు, అతని స్నేహితులు కల్దీయుల విద్య అంతా నేర్చుకున్నారు. రాజు బల్ల దగ్గర మాత్రం తమ గీత తాము గీసుకున్నారు. చదవడానికి భయపడలేదు, మోకరించడానికి ఒప్పుకోలేదు. మన పిల్లలకు ఆ రెండూ నేర్పాలి.

ఇక ఆ తల్లి ప్రశ్న. అమ్మా, బిడ్డ పక్కన నువ్వు కూర్చోగలిగితే చూడనివ్వు. కూర్చునే తీరిక లేకపోతే, తీరిక దొరికే దాకా ఆగమను. వాడు ప్రశ్న అడిగిన రోజున కసిరికొట్టకు. తెలియకపోతే తెలియదని చెప్పి, ఇద్దరూ కలిసి బైబిలు తెరవండి.