మోకాలిలోకి తెరిచిన చిన్న కిటికీ

మోకాలి నొప్పితో ఎముకల డాక్టరు దగ్గరికి వెళితే, "పెద్ద కోత అక్కరలేదు, చిన్న రంధ్రం వేసి సరిచేస్తాం" అనే మాట మీలో చాలామంది వినే ఉంటారు. రంధ్రం చిన్నది కాబట్టి పని కూడా చిన్నదే అనుకుంటాం. కాని ఆ పని ఒక చేతి నుంచి మరొక చేతికి రావడానికి ఎన్నో ఏళ్ళు పట్టింది. ఆ కథే ఈ వేళ మీకు మనవి చేస్తాను.

జపానులో కూడా మనలాగే నేలమీద కూర్చునే అలవాటు ఉంది. మోకాలు వంగకపోతే భోజనానికీ ఇబ్బందే, నలుగురిలో కూర్చోవడానికీ ఇబ్బందే. వంద సంవత్సరాల కిందట కీళ్ళ క్షయ సోకినవారి మోకాళ్ళు కర్రలా బిగుసుకుపోయేవి. రోగం ముదరకముందే లోపల ఏం జరుగుతోందో చూడాలని టోక్యో విశ్వవిద్యాలయంలో కెంజి టకాగి అనే వైద్యుడు తలపెట్టారు. 1918లో మూత్రాశయాన్ని పరీక్షించే గొట్టాన్ని ఒక శవం మోకాలిలో పెట్టి చూశారు. 1920లో ఆయన చేయించిన గొట్టం మందం 7.3 మిల్లీమీటర్లు. మోకాలికి అది మరీ లావు. పట్టు విడవకుండా 1931 నాటికి దాన్ని 3.5 మిల్లీమీటర్లకు తెచ్చారు.

ఆయన శిష్యుడు మసాకి వతనబే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈయన గొట్టం మీద గొట్టం మార్చి చూస్తూ, చివరికి ఇరవై ఒకటో నమూనా దగ్గర స్థిరపడ్డారు. దాని కొసన చిన్న బల్బు ఉండేది. ఒక్కోసారి అది మోకాలిలోనే పగిలేది! అయినా పని ఆగలేదు. మోకాలి లోపలి దృశ్యాలను చిత్రకారుడి చేత గీయించి 1957లో పుస్తకంగా వేశారు. 1962 మే 4న, బాస్కెట్‌బాల్ ఆడే పదిహేడేళ్ళ కుర్రవాడి మోకాలిలో చిరిగిన మెత్తటి పొరను, అంటే మెనిస్కస్ ముక్కను, గొట్టం ద్వారానే కత్తిరించి తీశారు. ఆరు వారాలకే ఆ కుర్రవాడు మళ్ళీ ఆటకు దిగాడు.

1964లో టొరాంటో నుంచి రాబర్ట్ జాక్సన్ అనే యువ డాక్టరు టోక్యో వచ్చారు. వతనబే గారి పని గురించి విని ఆయన్ను వెతుక్కుంటూ వెళ్ళారు. ఈయన ఇంగ్లీషు నేర్పారు, ఆయన గొట్టం పట్టడం నేర్పారు. జాక్సన్ దేశానికి తిరిగి వెళ్ళాక తోటి డాక్టర్లలో చాలామంది మొదట దీన్ని లెక్కచేయలేదు. ఆయన మాత్రం చేసి చూపిస్తూ, నేర్పుతూ పోయారు. 1974లో ఫిలడెల్ఫియాలో అంతర్జాతీయ సంఘం ఏర్పడినప్పుడు దాని తొలి అధ్యక్షులు వతనబే గారే.

ఇంత శిక్షణ ఎందుకంటారా? ఈ పనిలో డాక్టరు మోకాలిని నేరుగా చూడరు, తెర మీద బొమ్మను చూస్తారు. ఒక చేతిలో గొట్టం, మరో చేతిలో పనిముట్టు. గొట్టం కొసన అద్దం ఏటవాలుగా ఉంటుంది కాబట్టి అది చూసే దిక్కు వేరు, చెయ్యి కదిలే దిక్కు వేరు. అద్దంలో చూస్తూ సూదిలో దారం ఎక్కించడం లాంటిది. కాస్త తడబడితే, మళ్ళీ సరిగా పెరగని నున్నటి మృదులాస్థి గీసుకుపోతుంది. అందుకే మొదట ప్లాస్టిక్ నమూనాల మీద, తర్వాత శవాల మీద, ఆపైన అనుభవజ్ఞుల పక్కన నిలబడి నేర్చుకుంటారు.

చెయ్యి తిరగడం ఒక్కటే చాలదు. 2002లో అమెరికాలోని హ్యూస్టన్‌లో 180 మంది అరిగిన మోకాళ్ళ రోగులపై జరిగిన పరిశోధన ఫలితాలు వెలువడ్డాయి. కొందరికి పైపైన కోతలు మాత్రమే పెట్టారు. నిజంగా గొట్టం పెట్టి కడిగినవారికి వాళ్ళకంటే ఎక్కువ మేలేమీ కనబడలేదు. 2013లో ఫిన్లాండులో, వయసు మీద మెనిస్కస్ చిరిగిన 146 మందిని చూసినప్పుడూ అంతే. అంటే ఎప్పుడు చేయకూడదో తెలియడం కూడా శిక్షణలో భాగమే.

కాబట్టి మిత్రులారా, మీకో మీ ఇంటి పెద్దలకో ఇటువంటి ఆపరేషన్ చెబితే మొహమాటపడకండి. "నాకు ఇది నిజంగా అవసరమా? వ్యాయామంతో తగ్గదా? మీరు ఇది ఎక్కడ నేర్చుకున్నారు, ఎన్ని చేశారు?" అని మర్యాదగానే అడగండి. మంచి వైద్యుడు ఆ ప్రశ్నలకు నొచ్చుకోరు. సముద్రాలు దాటి వెళ్ళి నేర్చుకున్న జాక్సన్ గారూ ఒకనాడు ప్రశ్నలడిగిన విద్యార్థే కదా!